ఫెరోనియా అమ్మవారి రాతిపీట



వినాయక చవితి ముందురోజు బజారుకు వెళ్తే పత్రి, పాలవెల్లి, మొక్కజొన్న పొత్తులతోపాటు నాలుగు వెలక్కాయలు కూడా సంచీలో వేసుకొస్తాం. బూడిదరంగు పెంకు, నేలకేసి కొడితే గానీ పగలదు. లోపల పులుపూ వగరూ కలిసిన గుజ్జు. రోటి పచ్చడికి అంతకు మించిన కాయ లేదని నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్ళు ఉంటే ఉండనివ్వండి. ఈ వెలగ చెట్టుకు పాత వృక్షశాస్త్ర గ్రంథాలలో ఉన్న పేరు ఫెరోనియా ఎలిఫాంటమ్. 1800లో జోసె కొరేయా ద సెర్రా అనే పోర్చుగీసు శాస్త్రజ్ఞుడు లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం రాసి ఆ పేరు పెట్టాడు. మన మారేడుకూ అదే వ్యాసంలో పేరు పెట్టాడు. గ్రీకు పురాణాలలో బంగారు పళ్ళ తోటకు కాపలా ఉండే ఈగ్లే అనే కన్య పేరు మారేడుకు దక్కింది. వెలగకు దక్కింది ఇటలీ దేశపు అడవి దేవత పేరు. సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి మన కోస్తా మొక్కలకు బొమ్మలు వేయించిన విలియం రాక్స్‌బర్గ్ కూడా తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో వెలగను ఈ పేరుతోనే చేర్చాడు. ఎలిఫాంటమ్ అంటే ఏనుగులదని. సుమతీ శతకం చదివినవాళ్ళకు ఏనుగుకూ వెలగపండుకూ ఉన్న సంబంధం వేరే చెప్పక్కర్లేదు. ఇప్పటి శాస్త్రజ్ఞులు ఆ చెట్టును లిమోనియా ఆసిడిస్సిమా అంటున్నారు. పాత వైద్య గ్రంథాలలో మాత్రం ఆ దేవత పేరు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

చెట్టు సంగతి అలా ఉంచి, ఈవేళ ఆ దేవత గురించి నాలుగు మాటలు చెబుతాను.

రోమ్ ఇంకా ఇరుగుపొరుగు ఊళ్ళతో కయ్యాలాడుతున్న చిన్న పట్టణంగా ఉన్న రోజులనుంచే ఇటలీ నడిమి భాగంలో ఫెరోనియా పూజలందుకుంటోంది. సబైన్లు, లాటిన్లు, ఫాలిస్కన్లు, ఎట్రుస్కన్లు, కాస్త దక్షిణాన వోల్షియన్లు, ఇందరూ ఆవిడకు మొక్కేవారు. వీళ్ళ భాషలు ఒకటి కావు. కలిసి ఉన్న రోజులకన్నా కత్తులు దూసుకున్న రోజులే ఎక్కువ. అయినా అందరికీ ఆవిడ కావలసిందే. రోమన్ పండితుడు వారో మాత్రం ఆవిడను సబైన్ల దగ్గరనుంచి వచ్చిన దేవతల జాబితాలో వేశాడు.

గ్రీకు దేవతలకు ఉన్నన్ని పెళ్ళిళ్ళు, అలకలు, పగలు ఈవిడకు లేవు. రోమన్ కవి వర్జిల్ కావ్యంలో ఒక్కచోట ఆవిడ కొడుకు ప్రస్తావన వస్తుంది. ఎరులస్ అని ప్రెనెస్టే రాజు, తల్లి వరం వల్ల మూడు ప్రాణాలున్నవాడు, ఇవాండర్ అనే వీరుడు వాణ్ణి మూడుసార్లు చంపవలసి వచ్చింది. కథలంటే అంతే. కానీ చరిత్రకారులు, యాత్రికులు, కవులు, వ్యాఖ్యాతలు ఆవిడ గుడికి ఎవరెవరు వచ్చారో, ఏం తెచ్చారో, ఏం పట్టుకెళ్ళారో రాసిపెట్టారు. నాకు పురాణం కన్నా అదే రుచిగా ఉంటుంది.

ఆవిడ ప్రధాన క్షేత్రం రోమ్‌కు ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, టైబర్ నది లోయలో, కపేనా పట్టణం పొలిమేరలో ఉండేది. దాన్ని లూకస్ ఫెరోనియే అనేవారు, ఫెరోనియా వనం అని. దగ్గరలోనే సొరాక్టే కొండ. ఎత్తు 700 మీటర్లకు కాస్త తక్కువే గానీ చుట్టూ మైదానం కావడంతో ఎంత దూరంనుంచైనా ఆనవాలు పట్టవచ్చు. ఈ చోటు సబైన్ల నేలకూ, ఎట్రుస్కన్ల నేలకూ, ఫాలిస్కన్ల నేలకూ, లాటిన్ల నేలకూ సరిహద్దులు కలిసే చోటు. కొండదారి, నదిదారి రెండూ అక్కడికే వస్తాయి. ఏ ఊరి కోటగోడల లోపలా లేని దేవత చుట్టూ ఇంత పెద్ద తిరునాళ్ళు ఎందుకు పెరిగిందో ఈ భూగోళం చూస్తేనే అర్థమవుతుంది.

ఆ తిరునాళ్ళ గురించి హాలికర్నాసస్ నగరంవాడైన డయోనిసియస్ రాశాడు. ఇటలీలో ఉన్న సంతలన్నిటిలోకి అది పేరు మోసినదట. మొక్కులు తీర్చుకునేవాళ్ళు వస్తారు, వాళ్ళతోపాటు వ్యాపారులు, చేతిపనివాళ్ళు, రైతులు వస్తారు. ఒకే ప్రయాణంలో దేవతకు దండం, ఇంటికి కావలసిన సరుకు. గ్రీకులు ఆవిడను తమ భాషలో పూలు మోసే తల్లి అనీ, దండలంటే ఇష్టపడే తల్లి అనీ, కొందరు పెర్సెఫొనీ అనీ పిలిచేవారని కూడా ఆయనే చెప్పాడు.

ఆ సంతలోనే ఒక యుద్ధానికి నిప్పు రాజుకుంది. రోమ్ మూడో రాజు తుల్లుస్ హోస్టిలియస్ కాలంలో, అంటే సంప్రదాయ లెక్క ప్రకారం క్రీ.పూ. ఏడో శతాబ్దంలో, రోమ్ వర్తకులు కొందరు ఫెరోనియా గుడి దగ్గర సరుకు అమ్ముకుంటుంటే సబైన్లు వాళ్ళను పట్టుకుని బంధించారు. రాజు పంచాయితీ పెట్టాడు. సబైన్లు ఏమన్నారో చూడండి: ముందు మీ సంగతి చెప్పండి, మావాళ్ళు పారిపోయి మీ ఊళ్ళోని శరణు వనంలో దూరితే తిరిగి అప్పగించారా? ఇది రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన కథ. నిజంగా అలాగే జరిగిందా అన్న పట్టింపు నాకు లేదు. ఆనాటి వాళ్ళ తగాదా చుట్టూ ఉన్న విషయం చూడండి. ఒక వనంలో స్వేచ్ఛగా తిరిగే మనుషులను బంధించారు, ఇంకో వనంలో పారిపోయి వచ్చినవాళ్ళు స్వేచ్ఛ పొందారు. వనం అంటే ఎవరి అధికారమూ పూర్తిగా చెల్లని నేల. ఫెరోనియాను తర్వాతి కాలంలో బానిసలు తమ దేవతగా ఎందుకు చేసుకున్నారో ఇక్కడే ఒక ఆధారం ఉందని నేననుకుంటాను.

కపేనా ప్రజలు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కొత్తపంట చేతికి రాగానే ముందు ఆవిడకు తెచ్చి సమర్పించేవారు. తరాల తరబడి అలా తెచ్చిన బంగారం, వెండి గుడిలో పోగుపడింది. ఇంత సొమ్ము కోటగోడలు లేని చోట ఉంటే ఏమవుతుంది? క్రీ.పూ. 211లో కార్తేజ్ సేనాపతి హన్నిబాల్ వచ్చాడు. స్పెయిన్‌నుంచి ఏనుగులతో బయల్దేరి ఆల్ప్స్ దాటిన ఆ హన్నిబాలే. రోమ్ గోడలదాకా వచ్చి, పట్టుకోలేక వెనక్కు మళ్ళుతూ ఫెరోనియా గుడిని ఊడ్చేశాడు. లివీ ఒక చిన్న వివరం వదలకుండా రాశాడు. సేనలు వెళ్ళిపోయాక గుడి దగ్గర ముడి కంచు కుప్పలు కుప్పలుగా దొరికాయట. దోచినవాళ్ళలోనే కొందరు సైనికులకు లోపల బెరుకు పుట్టి, బంగారం పట్టుకెళ్ళి, బదులుగా కంచు ముద్దలు అక్కడ పడేసి పోయారని ఆయన వివరణ. దొంగతనం చేస్తూనే దేవతకు లెక్క అప్పజెప్పబోయారు! నాకు మరో అనుమానం కూడా ఉంది. నాణేలు రాక ముందు ఇటలీలో కంచు ముద్దలే డబ్బు. ఆ కుప్పలు పేదవాళ్ళ పాత మొక్కుబడులే అయివుండవచ్చు, దోపిడీగాళ్ళకు మోసుకెళ్ళే బరువు తప్ప విలువ కనబడలేదేమో.

పేదల మొక్కుబడులంటే ఊహ కాదు. అక్కడ తవ్వకాలలో కాల్చిన మట్టితో చేసిన మొక్కుబడి బొమ్మలు బయటపడ్డాయి. పాదాలు, చేతులు, తలలు, పశువుల బొమ్మలు. మన గుళ్ళలో కన్ను నొప్పి తగ్గితే వెండి కళ్ళు హుండీలో వేస్తారే, అదే పని. ఒక మట్టి పాదం తెచ్చినవాడికి కాలు బాగుపడింది. ఆవు బొమ్మ తెచ్చినవాడి ఆవు ఈనింది. పంట, పశువు, పిల్లలు, ఆరోగ్యం: అడవి దేవత, సంతాన దేవత, పంటల దేవత అని పండితులు విడివిడిగా రాసేవన్నీ ఆ రైతుకు ఒకటే కోరిక.

సొరాక్టే కొండ దగ్గర నిప్పుల గుండం తొక్కే ఆచారం కూడా ఉండేది. ఫెరోనియా పూనినవాళ్ళు నిప్పుల మీద వట్టికాళ్ళతో నడిచినా కాలేది కాదనీ, ఏటేటా అది చూడటానికి జనం తండోపతండాలుగా వచ్చేవారనీ గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. వర్జిల్, రోమన్ రచయిత ప్లినీ మాత్రం ఆ నిప్పు నడక అదే కొండమీది అపోలో దేవుడిదన్నారు. నడిచే కుటుంబాలకు రోమ్ సెనేట్ సైనిక సేవనుంచి మినహాయింపు కూడా ఇచ్చిందని ప్లినీ చెప్పాడు. గుండం ఎవరి పేరుతో తొక్కినా కాళ్ళు ఒకటే కదా, ఈ తగువు పండితులకు వదిలేద్దాం.

ఇక రెండో క్షేత్రానికి వద్దాం. నాకు ఇష్టమైనది ఇదే. రోమ్‌కు దక్షిణాన సముద్రపు ఒడ్డున ఇప్పటి టెర్రచీనా పట్టణం ఉంది, పాత పేరు అంక్సుర్. దానికి మూడు రోమన్ మైళ్ళ ఇవతల ఆప్పియా రహదారి పక్కన ఫెరోనియా నీటిబుగ్గ, వనం, గుడి ఉండేవి. రహదారికి ఒకపక్క దోమల చిత్తడి నేల, ఇంకోపక్క సున్నపురాయి కొండ. ఆ రెంటి మధ్య చల్లటి ఊటనీరు.

క్రీ.పూ. 37 ప్రాంతంలో కవి హోరేస్ ఆ దారిన వెళ్ళాడు. ఆ ప్రయాణం మీద ఆయన రాసిన వ్యంగ్యకవిత చదివితే నవ్వు ఆగదు. రాత్రంతా చిత్తడి కాలువలో పడవ ప్రయాణం. ఒడ్డునుంచి పడవను లాగడానికి ఒక కంచరగాడిద. దోమలు, కప్పలు నిద్ర పట్టనివ్వలేదు. పడవవాడు తాగి, కంచరగాడిదను మేతకు వదిలి, తాడు రాయికి కట్టి గుర్రుపెట్టి నిద్రపోయాడు. తెల్లవారి చూస్తే పడవ ఉన్నచోటే ఉంది! ప్రయాణికుల్లో ఒకడు దిగి కర్రతో అటు కంచరగాడిదకూ ఇటు పడవవాడికీ వడ్డించాక గానీ కదలలేదు. అలా పొద్దెక్కాక దిగి, ఫెరోనియా నీళ్ళతో మొహం, చేతులు కడుక్కున్నారు. కవి ఆ మాట దేవతతో చెబుతున్నట్టుగా రాసి, ముందుకు సాగిపోయాడు.

హోరేస్ తండ్రి ఒకప్పటి బానిస. ఆ సంపుటంలో దీని వెంటనే వచ్చే కవితలో కవి ఆ సంగతి తలెత్తుకుని చెప్పుకున్నాడు, తండ్రిని పొగిడాడు కూడా. బానిసల దేవత నీళ్ళతో మొహం కడుక్కున్నప్పుడు మాత్రం తండ్రి ఊసు ఎత్తలేదు. ఆయన చదువరులకు చెప్పనక్కర్లేదు మరి.

బానిసల దేవత అని ఎందుకంటున్నానంటే, క్రీ.శ. 400 ప్రాంతంలో వర్జిల్‌కు వ్యాఖ్యానం రాసిన సెర్వియస్ ఒక సంగతి దాచిపెట్టాడు మనకోసం. టెర్రచీనా గుడిలో ఒక రాతిపీట ఉండేదట. దాని మీద చెక్కిన మాటల సారాంశం, యోగ్యులైన బానిసలు ఇక్కడ కూర్చుని స్వతంత్రులై లేవాలని. బానిస తల గొరిగించుకుని ఆ గుడిలో పిలెయస్ అనే టోపీ అందుకునేవాడు. ఒత్తిన ఉన్నితో చేసిన, అంచులు లేని గుండ్రటి టోపీ అది. కిరీటం కాదు, పట్టు కాదు, నగ కాదు, చేపలు పట్టేవాళ్ళు, పనివాళ్ళు పెట్టుకునే లాంటి మామూలు ఉన్ని టోపీ. కానీ అది నెత్తిన ఉన్నవాణ్ణి ఇక అమ్మడానికి వీల్లేదు.

కాసేపు ఆ పీట దగ్గరే ఆగుదాం. కూర్చోవడం, లేవడం. ఇంట్లో యజమాని ఎదుట కూర్చునే అధికారం లేనివాడు ఇక్కడ కూర్చున్నాడు. లేచేటప్పటికి అతనికో ఇంటిపేరు వచ్చింది, యజమానిదే. సిసెరో కార్యదర్శి టీరో అలాగే మార్కస్ టుల్లియస్ టీరో అయ్యాడు. కార్తేజ్‌నుంచి బానిసగా వచ్చిన నాటకకర్త టెరెన్స్ పేరు కూడా అతన్ని విడిపించిన సెనేటర్ టెరెన్షియస్‌నుంచే వచ్చింది.

అయితే అధికారికంగా విడుదల చేయడమంటే మేజిస్ట్రేటు ఎదుట బెత్తం తాకించో, జనాభా లెక్కల్లో రాయించో, వీలునామాలో రాసో చేయాలి. ఆ పని రాజ్యానికి ఆదాయం కూడా. క్రీ.పూ. 357లో ఒక చట్టం వచ్చింది: ఎవరైనా బానిసను విడిపిస్తే అతని ధరలో 5 శాతం పన్ను కట్టాలి. ఆ బంగారాన్ని కష్టకాలానికని దాచారు. హన్నిబాల్ యుద్ధం పీకలమీదికి వచ్చిన క్రీ.పూ. 209లో ఆ కోశాన్ని తెరిస్తే సుమారు 4000 రోమన్ పౌన్ల బంగారం ఉంది, మన లెక్కలో 1300 కిలోలు. ఎంతమంది విడుదలైతే అంత పన్ను వస్తుందో మీరే ఊహించండి. బానిసల విముక్తి రోమ్‌లో అరుదైన దయ అనుకుంటే పొరపాటే, అది రోజూ జరిగే వ్యవహారం.

పైగా విడుదలైనవాడు పూర్తిగా విడుదల కాలేదు. పాత యజమానికి జీవితాంతం గౌరవం చూపాలి, ఒప్పుకున్న పనులు చేసిపెట్టాలి. అనుమతి లేకుండా ఆయన మీద దావా వేయకూడదు. పదవులకు పోటీ చేయకూడదు. ఆ తర్వాత పుట్టిన పిల్లలకే ఆ తలుపులు తెరుచుకునేవి, హోరేస్‌కు తెరుచుకున్నట్టు.

అందుకే ఫెరోనియాను నేటి అర్థంలో స్వాతంత్ర్య దేవతగా చిత్రించే రాతలు చూస్తే నాకు చిరాకు. ఆవిడ పేరు మీద ఏ తిరుగుబాటూ జరగలేదు. స్పార్టకస్ ఆవిడకు మొక్కాడని ఎవరూ రాయలేదు. రాతిపీట మీద ఉన్న షరతు చూడండి, యోగ్యులైన బానిసలు. యోగ్యత తేల్చేది యజమాని. ఆవిడ గొలుసులు తెంచిన దేవత కాదు, యజమాని తన చేత్తో విప్పిన గొలుసుకు సాక్షి. చిన్న సాక్ష్యమా? విప్పించుకున్నవాణ్ణి అడిగితే తెలుస్తుంది.

వాళ్ళ జవాబు క్రీ.పూ. 217లో నమోదైంది. ఆ వసంతంలో రోమ్ నిండా అపశకునాలు, హన్నిబాల్ ఇటలీలోనే ఉన్నాడు. పూజారులు పవిత్ర గ్రంథాలు తిరగేసి ఎవరెవరు ఏం చేయాలో చెప్పారు. గొప్ప ఇంటి ఆడవాళ్ళు అవెంటైన్ కొండమీది జూనో రాణికి కానుక ఇవ్వాలి. బానిసత్వంనుంచి విడుదలైన ఆడవాళ్ళు తమ తమ శక్తికొద్దీ చందాలు వేసుకుని ఫెరోనియాకు కానుక ఇవ్వాలి. రాజ్యం ప్రాణాపాయంలో ఉన్నప్పుడు నిన్నటిదాకా అంగడిలో అమ్ముడుపోయిన ఆడవాళ్ళను పిలిచి, మీరూ మీ దేవతా మమ్మల్ని కాపాడాలి అని అడిగింది. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. వంటింట్లో, మగ్గం దగ్గర, పసిపిల్లల పక్కన పనిచేసి పైసా పైసా దాచుకున్నవాళ్ళు అయివుంటారు. లివీ వాళ్ళకు ఒక్క వాక్యం కేటాయించాడు. ఫెరోనియా గురించి మనకున్న సమాచారంలో నేను అన్నిటికన్నా విలువిచ్చేది ఆ వాక్యానికే.

టెర్రచీనా దగ్గరే మూడు శతాబ్దాల తర్వాత ఇంకో బానిస కథ జరిగింది. క్రీ.శ. 69లో సింహాసనం కోసం ఒకరి తర్వాత ఒకరు నలుగురు చక్రవర్తులు కొట్టుకున్నారు. చక్రవర్తి విటెల్లియస్ తమ్ముడు లూసియస్ సేనలతో వచ్చి సరిగ్గా ఫెరోనియా గుడి దగ్గర గుడారాలు వేసి, శత్రువుల చేతిలో ఉన్న టెర్రచీనాకు గురిపెట్టాడు. అప్పుడు వెర్జీలియస్ కాపిటో అనే ఆయన బానిస ఒకడు రాత్రికి రాత్రి వచ్చి, కొంత బలం ఇస్తే కోటలోకి దారి చూపిస్తానన్నాడు. చూపించాడు. ఊరు నెత్తురుమడుగు అయింది. బహుమతిగా అతనికి ఉంగరాలు దక్కాయి, స్వతంత్రుడైన గొప్పవాడు మాత్రమే తొడగదగ్గ ఉంగరాలు. కొద్దిరోజులకే విటెల్లియస్ పక్షం ఓడిపోయింది. ఆ బానిసను కొయ్యకు కొట్టి చంపారు, వేళ్ళకు ఆ ఉంగరాలు అలాగే ఉన్నాయి. టెర్రచీనా ప్రజలకు అది కొంత ఓదార్పు అయిందని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. చచ్చినవాళ్ళ బంధువుల కోపం న్యాయమే. కానీ పీట మీద కూర్చుని లేచే అవకాశం దొరకని బానిస అడ్డదారిలో స్వేచ్ఛ వెతుక్కుంటే ఎక్కడికి చేరాడో, అదీ ఫెరోనియా గుడి కనుచూపు మేరలో, చదివినప్పుడల్లా నాకు మింగుడుపడదు.

కపేనా దగ్గరి వనానికి మళ్ళీ వెళ్దాం. హన్నిబాల్ దోచాక కూడా గుడి నిలబడింది, తర్వాత పిడుగు పడ్డా నిలబడింది. రోమ్ గణతంత్రం ముగిసే రోజుల్లో అక్కడ రిటైరైన సైనికులకు భూములిచ్చి వలస పట్టణం కట్టారు. ఫోరం, స్నానశాలలు, దుకాణాల వరుస, చిన్నపాటి గుండ్రటి ఆంఫిథియేటర్ వచ్చాయి. ఆ ఆంఫిథియేటర్‌ను మార్కస్ సిలియస్ ఎపఫ్రోడిటస్ అనే వ్యక్తి తన సొంత డబ్బుతో కట్టించాడని శాసనం చెబుతోంది. ఆ గ్రీకు పేరు, అతనికున్న పదవి రెండూ విడుదలైన బానిసల వర్గానికి గుర్తులు. బానిసల దేవత ఊళ్ళో, బహుశా బానిస వంశంవాడే, బానిసలు కత్తులతో పొడుచుకునే వినోదశాల కట్టించాడు. స్వేచ్ఛ మనిషిని మంచివాణ్ణి చేస్తుందని ఎవరన్నారు?

ఆ పక్కనే వోలూసీ కుటుంబపు భవంతి ఉంది. రోమ్‌లోని అతి సంపన్నులలో వీళ్ళొకరు. వీళ్ళలో ఒకాయన 93 ఏళ్ళు బతికి, నీరో కాలంలో, క్రీ.శ. 56లో చనిపోయాడు. 1960ల తొలిరోజుల్లో రోమ్‌నుంచి ఉత్తరానికి వెళ్ళే పెద్ద రహదారి వేస్తున్నప్పుడు ఈ భవంతి బయటపడింది. మొజాయిక్ నేలలు, తోటలు, ఒక పెద్ద ముంగిలి, దాని చుట్టూ వరుసగా చిన్న చిన్న గదులు. అవి బానిసల గదులని పురావస్తు శాస్త్రజ్ఞులు గుర్తించారు. అక్కడివాళ్ళలో ఎంతమంది ఆ చిన్న గదులనుంచి టోపీ పెట్టుకుని బయటికి నడిచారో చెప్పే లెక్కపుస్తకం లేదు. ఇప్పుడు ఆ రహదారి మీద వెళ్ళే కార్లు పెట్రోలు, కాఫీ కోసం ఆగే చోటుకు కూడా ఫెరోనియా పేరే ఉంది. ఆకాశంలో 72వ నంబరు గ్రహశకలానికీ అదే పేరు, 1861లో అమెరికాలో కనిపెట్టారు.

అగస్టస్ కాలపు వెండి నాణెం ఒకటుంది, క్రీ.పూ. 19 నాటిది. పెట్రోనియస్ తుర్పిలియానస్ అనే టంకశాల అధికారి వేయించాడు. ఆయనది సబైన్ మూలాల కుటుంబం. ఒకవైపు ఫెరోనియా ముఖం, మెడలో హారం, తలకు చిన్న కిరీటం, పక్కన ఆవిడ పేరు. తిప్పి చూస్తే ఇంకోవైపు ఒక పార్థియన్ మోకాళ్ళ మీద కూర్చుని రోమ్ పతాకాన్ని అప్పగిస్తున్నాడు. చేసినవాడికి ఇందులో ఏ ఇబ్బందీ కనబడలేదు. ఒక వైపు స్వేచ్ఛ ఇచ్చే తల్లి, మరో వైపు మోకరిల్లిన పరాయివాడు. రోమ్‌ను ఇంత సూటిగా చెప్పిన వస్తువు నేను ఇంకోటి చూడలేదు.

ఆ ఉన్ని టోపీని కూడా రోమ్ పెద్దలు వదల్లేదు. సీజర్‌ను చంపాక బ్రూటస్ వేయించిన ప్రసిద్ధమైన నాణెం మీద రెండు బాకులు, వాటి మధ్య పిలెయస్ టోపీ ఉన్నాయి. విడుదలైన బానిస నెత్తిన పెట్టుకునేదాన్ని, పుట్టుకతోనే అన్నీ ఉన్న సెనేటర్లు తమ గుర్తుగా అరువు తెచ్చుకున్నారు.

ఈ మాటతో చివరికి రోమ్ నగరంలోకే వద్దాం. ఫెరోనియాకు నగరంలోనూ గుడి ఉండేది, కాంపస్ మార్టియస్ మైదానంలో. నవంబరు 13 ఆవిడ పండుగ. ఆ మైదానంలో లార్గో అర్జెంటీనా అనే కూడలి ఉంది. 1920ల చివర్లో అక్కడి ఇళ్ళు కూల్చి తవ్వితే వరుసగా నాలుగు గుళ్ళు బయటపడ్డాయి. దేవతల పేర్లు నిర్ధారణ కాక పండితులు వాటికి ఎ, బి, సి, డి అని పేర్లు పెట్టారు. నాలుగింటిలో పాతది సి గుడి, అదే ఫెరోనియా గుడి అని చాలామంది పండితుల అభిప్రాయం. బి, సి గుళ్ళకు వెనకవైపే సీజర్ హత్య జరిగిన పాంపే సభామందిరపు గోడ అవశేషం ఉంది. బ్రూటస్ నాణెం మీది టోపీ ఏ దేవతదో, ఆవిడ గుడి ఆ రక్తం చిందిన చోటికి పిలుపు దూరంలో ఉందన్నమాట. 2023 జూన్‌నుంచి లోపల నడకదారులు వేసి యాత్రికులను కిందికి దిగనిస్తున్నారు.

మన తెలుగువాళ్ళు ఇప్పుడు యూరప్ యాత్రలకు బాగా వెళ్తున్నారు, రోమ్‌లో ఉద్యోగాలకూ చదువులకూ ఉన్న పిల్లలూ ఉన్నారు. లార్గో అర్జెంటీనాకు తీసుకెళ్ళిన గైడు సీజర్‌ను ఇరవైమూడు పోట్లు పొడిచిన కథ చెబుతాడు, ఆ శిథిలాల్లో తిరిగే పిల్లులను చూపిస్తాడు, పదినిమిషాల్లో బస్సు ఎక్కమంటాడు. ఎక్కకండి. ఉత్తరంనుంచి లెక్కపెట్టి మూడో గుడి దగ్గర ఆగి, ఇది ఎవరిదని అడగండి. గైడు చెప్పలేకపోతే మీరే చెప్పండి.